చెల్లుచీటీ ఎవరి పేర?

మా బెల్లంపల్లి పుట్టడానికి భక్త రామదాసు కారణమంటే మా వాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వరస మాత్రం ఇట్లా ఉంది. కంచర్ల గోపన్న భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గుడి ఉంది కాబట్టి ఎక్కడెక్కడి జనమో బండ్లు కట్టుకొని పోయేవారు. 1870 ప్రాంతంలో అట్లా పోతున్న యాత్రికులెవరో ఇల్లెందు దగ్గర ఆగి, మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి ముట్టిస్తే కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయట. సింగరేణి ఇండ్లలో పుట్టిన పిల్లలందరికీ ఈ కథ తెలుసు. 1871లో జియలాజికల్ సర్వే నుంచి డాక్టర్ విలియం కింగ్ వచ్చి అది బొగ్గేనని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ పదేండ్లు తిరిగేలోగా బొగ్గు పొరల వెంట తవ్వకం మా దిక్కు వచ్చింది. బాయిలు పడ్డాయి. బాయిల చుట్టూ కంపెనీ క్వార్టర్లు, వాటి అంచున గుడిసెలు, గుడిసెలు పెరిగి వాడలు, వాడలన్నిటికీ కలిపి ఒక మున్సిపాలిటీ. మా నాయన తట్టా చెమ్మస్ పట్టుకొని బాయిలోకి దిగిన మనిషి. నన్ను దిగనియ్యకుండా భాషాప్రవీణ చదివించాడు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను.

గుడి కట్టిన సొమ్ము ఎవరిది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. గోపన్నది నేలకొండపల్లి. మేనమామలు అక్కన్న, మాదన్నలు గోలకొండలో అబుల్ హసన్ తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉండేవారు. వాళ్ల మాటసాయంతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. శిస్తు వసూలు చేసి గోలకొండకు పంపడం ఆయన పని. భద్రాద్రి మీద పని మొదలుపెట్టాక చందాలు చాలలేదు, ఖజానాకు పోవాల్సిన శిస్తు గుడికి మళ్లింది. తానీషా బందీఖానాలో వేశాడు. పన్నెండేండ్లంటారు. ఏ నగ ఎవరికి చేయించాడో, దేనికెంత అయిందో ఒక్కొక్కటే చెప్పి రాముణ్ణి నిలదీసే ఆ కీర్తన ఆయన అక్కడే కట్టాడని మనవాళ్ల నమ్మకం. క్లాసులో అది చెప్పినప్పుడల్లా పిల్లలు నోటుబుక్కులో 'భక్తిరసం' అని రాసుకునేవారు. నాకేమో ఆడిట్‌కు ఇచ్చుకున్న సంజాయిషీలాగ వినపడేది.

కథలో అసలు మలుపు తర్వాత వస్తుంది. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చి తానీషా ముందు ఆరు లక్షల మొహరీలు కుప్పపోసి, చెల్లుచీటీ రాయించుకొని మరీ పోయారట. భక్తులు చెప్పే కథే ఇది, నాస్తికులు అల్లింది కాదు. అందుకే దీన్ని నేను తీర్పుగా చూస్తాను. పెట్టిన ఖర్చు తన గుడికే. నా పనికే కదా వాడాడు, వదిలెయ్ అని తానీషాకు కలలో కనబడి చెప్పినా సరిపోయేది. దేవుడు ఆ పని చెయ్యలేదు. అప్పు అప్పే అన్నాడు, తెచ్చి కట్టాడు, రశీదు అడిగాడు. మన భక్తి సాహిత్యంలో సర్కారు సొమ్ము గురించి ఇంతకన్నా కచ్చితమైన మాట నాకు కనబడలేదు.

ఇదంతా మా వాడలో ఒక ఖాళీ జాగ గురించి పంచాయితీ వచ్చినప్పుడు మళ్లీ తవ్వాల్సి వచ్చింది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు వేయాలి: యువకులవి, మహిళలవి, వయసు మళ్లినవాళ్లవి, ఊళ్లో పేరున్నవాళ్లవి. నన్ను మూడో దాంట్లో వేశారు. నాలుగో దాంట్లో వేయనందుకు మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. జాగ అంటే పెద్దదేమీ కాదు, నాలుగు ఆటోలు పెట్టుకునేంత. లేఅవుట్ నక్షలో పచ్చరంగు వేసి ఉంది. మధ్యలో ఒక వేపచెట్టు, చెట్టు మొదట్లో పసుపు పూసిన మూడు రాళ్లు, పోచమ్మ. ఒక పక్క మోరి ఆగిపోయి మురికి నిలిచి ఉంటుంది. వానాకాలం ఆ నీళ్లు అమ్మవారి దాకా పోతాయి. కొందరు పిల్లలు స్లాబు వేసి గుడి కడదామన్నారు. కొందరు జిమ్ము సామాను పెట్టిద్దామన్నారు. గుడికి మున్సిపాలిటీ సొమ్ము పెట్టరాదని తెలిసిన ఒకతను ఉపాయం చెప్పాడు. పార్కుకు ప్రహరీ అని రాయించుకుందాం, గోడ లేస్తే లోపల ఏం కట్టుకుంటామో మన ఇష్టం అని.

"పోచమ్మకు గోడ గడితే మున్సిపాలిటోళ్లకు పుణ్యమే గద సారూ" అన్నాడు ఇంకొక పిల్లగాడు నా దిక్కు చూసి.

మా ఎదురింటి అవ్వ మోరి సంగతి చెప్పడానికి వచ్చి అరుగు మీద కూర్చొని ఉంది. ఆమె పెనిమిటి బాయిలో సపోర్టుమన్‌గా చేసి పోయాడు. "పుణ్యం ఎవలికొస్తదిరా బిడ్డా? పైసలు పెట్టినోళ్లకా, సంతకం పెట్టినోళ్లకా?" అంది.

పిల్లగాడు జవాబు చెప్పలేదు. నేనూ అప్పటికి చెప్పలేదు, ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తీశాను. అవ్వ అడిగింది శాస్త్రకారులు రెండు వేల ఏండ్ల కింద అడిగిన ప్రశ్నే.

మన ధర్మశాస్త్రాల లెక్కలో దానమంటే తన హక్కును వదులుకొని ఎదుటివాడికి ఆ హక్కు కలిగించడం. మొదటి సగం లేకుండా రెండో సగం లేదు. నీది కానిదాన్ని నువ్వు ఇవ్వలేవు. 'అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు' అని మన ఆడవాళ్లు ఎగతాళిగా అనే మాటలో ఉన్నది ఈ సిద్ధాంతమే. జైమిని పూర్వమీమాంసలో, ఆరో అధ్యాయం ఏడో పాదంలో, దీని మీద పెద్ద చర్చ నడుస్తుంది. విశ్వజిత్తు అనే యాగం చేసినవాడు తన సర్వస్వాన్నీ దానం చేయాలి. సరే, సర్వస్వం అంటే ఏమేం వస్తాయి? 'నా తండ్రి', 'నా తల్లి' అంటాం కదా, వాళ్లనూ ఇచ్చెయ్యాలా? అక్కర్లేదు, ఎవడు దేనికి యజమానో దాన్నే ఇవ్వగలడు, 'నా' అన్నంత మాత్రాన యజమానివి కావు అని జవాబు. వెంటనే తర్వాతి ప్రశ్న. యాగం చేసేది చక్రవర్తి అయితే భూమినంతా ఇచ్చెయ్యొచ్చా? కుదరదంటాడు జైమిని. భూమి అందరికీ సమానం. భాష్యం రాసిన శబరస్వామి ఇంకొంచెం విప్పి చెప్తాడు: పొలాలకు యజమానులు కనబడతారు గాని మొత్తం భూమికి యజమాని లేడు, రాజు దాన్ని కాపాడతాడు, కాపాడినందుకు పంటలో భాగం తీసుకుంటాడు, అంతవరకే.

రాజులను మెప్పించి బతికే రోజుల్లో రాసిన మాట ఇది. పైగా రాసినవాళ్లు యాగాలు చేయించి దక్షిణలు తీసుకునే వర్గం. రాజు భూమినంతా ఇవ్వొచ్చు అని తేలిస్తే లాభపడేది వాళ్లే. అయినా కుదరదన్నారు. వేదాంతాన్ని పొగిడినంతగా మీమాంసను మనం పొగడం, కర్మకాండ అని పక్కకు నెడతాం. నాకు మాత్రం ఈ ఒక్క పాదం కోసమైనా దాన్ని ఎనిమిదో తరగతి నుంచి చెప్పాలనిపిస్తుంది.

'నా వార్డు', 'నా మున్సిపాలిటీ', 'నా నిధులు' అనే మాటలు ప్రతి మీటింగులో వింటాం. అవి కూడా 'నా తండ్రి' లాంటివే. సంబంధం చెప్తాయి గాని స్వామ్యం చెప్పవు. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు కేసొకదాంట్లో దాదాపు ఇదే చెప్పింది. పార్కు కోసమని నక్షలో వదిలిన జాగను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చారు. ముఖ్యమంత్రి స్థాయిలో జరిగిన నిర్ణయం. కాలనీ వాళ్లు కోర్టుకెక్కారు. ఆస్పత్రి మంచిదే కావచ్చు గాని, జనం కోసం వదిలిన పచ్చజాగను ఒకరికి రాసిచ్చే అధికారం ఎవరికీ లేదని కోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసంటారు. జడ్జీలకు జైమిని గుర్తొచ్చాడో లేదో నాకు తెలియదు, దారి మాత్రం ఒకటే. గుడుల విషయమైతే 2009 సెప్టెంబరు 29న అదే కోర్టు ఇంకా సూటిగా చెప్పింది: వీధుల్లో, పార్కుల్లో, జనం తిరిగే జాగల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదైనా సరే, అనుమతి లేకుండా కొత్తగా లేవడానికి వీల్లేదు. రాజ్యాంగం 27వ అధికరణం ఇంకొక వైపు నుంచి కట్టు వేసింది. ఫలానా మతాన్ని పెంచడానికని తీసే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదు.

నక్ష రంగుల మీద నాకు పాత కోపం ఒకటుంది, ఇక్కడ చెప్పేస్తాను. మాస్టర్ ప్లానులో ఇండ్లకు పసుపు, దుకాణాలకు నీలం, ఖాళీ జాగలకు పచ్చ. మా బొగ్గు ఊళ్లకు ఈ రంగులు చాలవు. మా కాళ్ల కింద ఇంకొక ఊరుంది. మా నాయన లాంటివాళ్లు గ్యాలరీలు గ్యాలరీలుగా బొగ్గు తీసి, కొన్నిచోట్ల గోదావరి ఇసుక నింపి, కొన్నిచోట్ల స్తంభాలు వదిలి వచ్చిన చీకటి ఊరు. దానికే రంగూ లేదు. పైన ఏ గోడ ఎందుకు చీలిందో చెప్పాలంటే ఆ కింది నక్ష కావాలి. సరే, అది వేరే పురాణం.

ఇక నా ఇంటి సంగతి. కంపెనీ సర్కారుకు అప్పగించిన జాగలో నేనూ ఇల్లు కట్టుకున్నవాణ్ణే. జీవో 76 కింద దరఖాస్తు పెట్టుకున్నాను, రుసుము కట్టాను, పట్టా తీసుకున్నాను. రాజు భూమిని ఇవ్వలేడని జైమిని అంటుంటే నా పట్టా చెల్లుతుందా? శబరస్వామి దయవల్ల చెల్లుతుంది. పొలం ముక్కకు యజమాని ఉండొచ్చన్నాడాయన, ఇంటి ముక్కకూ అంతే అనుకుంటాను. నేను ఆ ఇంట్లో పిల్లల్ని పెంచాను, పట్టా ఆ సంగతిని ఒప్పుకున్న కాగితం. అయితే పట్టాల పంపిణీ రోజు షామియానా కింద మమ్మల్ని వరసలో నిలబెట్టి, దానం పట్టినట్టు రెండు చేతులూ చాపించి ఫోటోలు తీశారు. ఉన్నదాన్ని నమోదు చేసినవాడు దాత ఎట్లా అవుతాడు? నేను ఒక్క చెయ్యే చాపాను. ఫోటోగ్రాఫరు విసుక్కున్నాడు.

ఇంతకీ పుణ్యం. సంతకం పెట్టినవాడికి ఏమీ రాదా అంటే, మనువు ఒక లెక్క చెప్పాడు. ప్రజల్ని బాగా కాపాడిన రాజుకు వాళ్లు చేసిన ధర్మంలో ఆరోవంతు చేరుతుందట, కాపాడకపోతే వాళ్ల అధర్మంలో ఆరోవంతు. మనువుతో నాకు సవాలక్ష తగాదాలున్నాయి గాని ఈ లెక్కలో దిక్కు చూడండి. పుణ్యం పై నుంచి కిందికి దిగడం లేదు, కింది నుంచి పైకి పోతోంది. చేసేది జనం. రాజుది కాపలా వాటా. మనమిప్పుడు దాన్ని తలకిందులు చేశాం. రోడ్డు వేసినాయన, బోరు వేయించినాయన, లైట్లు పెట్టించినాయన అని పేర్లు చెప్పుకుంటాం. కొబ్బరికాయ కొడతారు, రాయి పాతుతారు, రాయి మీద పేర్లు వరసగా చెక్కుతారు. ఆ వరసలో పన్ను కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

రాయి మీద పేరు చెక్కించుకునే ఆశ మనకు కొత్తది కాదు లెండి. సప్తసంతానాలని పెద్దలు చెప్పారు: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. మనిషి పోయాక పేరు నిలబెట్టేవి ఈ ఏడు. ఆ ఏడింట్లో మోరి లేదు. చెరువు తవ్వించినాయన పేరు శాసనాల్లో ఉంటుంది, మోరి తీయించినాయన పేరు ఎక్కడా ఉండదు. మున్సిపల్ బడ్జెట్ చదివినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. జీతాలు, కరెంటు బిల్లు పోను మిగిలినదాంట్లో కొట్లాట. అందులో మొక్కలకు పదోవంతు పక్కన పెట్టాలని 2019 చట్టమే రాసింది, అంటే తోటకు స్థానం దొరికింది. గుడి కోసం గోడ రూపంలో అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మోరి కోసం అడిగేది దాని పక్కన పడుకునే అవ్వ ఒక్కతే.

సొంత మొక్కును ఊరి సొమ్ముతో తీర్చవచ్చా అన్నది ఇంకొంచెం చిక్కు ప్రశ్న. 2017 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ తిరుమల వెంకన్నకు 5 కోట్లకు పైగా విలువైన బంగారు నగలు సమర్పించారు. రాష్ట్రం వస్తే చేయిస్తానని ఉద్యమకాలంలో మొక్కిన మొక్కు. డబ్బు దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధిలోనిది, అంటే గుడుల ఆదాయంలోంచి వేరు చేసిన నిధి, మామూలు ఖజానా కాదు అని సర్కారు చెప్పింది. హైకోర్టుకు పోయినవాళ్లూ ఉన్నారు, చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. మా వీధిలో రెండో రకమే ఎక్కువ. రాష్ట్రం అందరికీ వచ్చింది, మొక్కూ అందరిదే అన్నారు. నాకా వాదన తేలికైంది అనిపించదు, కాని ఒప్పుకోలేను. మొక్కులో ఒక నిబంధన ఉంది. నాకు నొప్పి తగలాలి. తలనీలాలు ఇస్తే నా తల బోడి కావాలి. నిలువుదోపిడీ ఇస్తే నా మెడలో గొలుసు పోవాలి. ఎవరికీ ఏమీ తగ్గకుండా తీరిపోయే మొక్కు మొక్కే కాదు. అదే భద్రాచలం కల్యాణానికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ ఆచారం తానీషా మొదలుపెట్టాడంటారు. ముస్లిం పాదుషా పంపిన ముత్యాలు ఎవరి మతాన్నీ పెంచడానికి కావు, అది ఒక రాజ్యం ఇంకొక కొలువుకు చూపిన మర్యాద. రెండింటికీ తేడా ఏమిటని నా కొడుకు లాయరులాగ అడుగుతాడు. మొహరీలు పుచ్చుకొని చీటీ రాసిచ్చినవాడి పంపకానికి, లెక్క తేలకముందే పంపేదానికి తేడా ఉందంటాను. వాడు ఒప్పుకోడు.

నా పాత సావాసగాడు, బాయిలో షాట్‌ఫైరర్‌గా చేసిన ముసల్మాను, ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కథ చెప్పాడు. ఖలీఫా రాత్రి దీపం పెట్టుకొని రాజ్యం లెక్కలు చూస్తున్నాడట. వచ్చిన మనిషి ముందు రాజ్యం సంగతులు మాట్లాడి, తర్వాత మీ ఆరోగ్యమెట్లా ఉంది, పిల్లలెట్లా ఉన్నారు అని అడగబోతే ఖలీఫా దీపం ఊదేసి ఇంకొకటి వెలిగించాడట. మొదటి దాంట్లో ఉన్నది జనం నూనె. "మా సర్దారు మాత్రం కంపెనీ క్యాప్‌లాంపు పెట్టుకొని ఇంట్ల పెండ్లి భోజనాలు వడ్డించిండు" అని కథకు తోక కూడా తగిలించాడు.

ఇప్పుడు మళ్లీ గోలకొండకు పోవాలి, ఎందుకంటే ఆ చెల్లుచీటీలో నాకొక లోపం కనబడుతుంది. ఆరు లక్షలూ రాముడు ఎవరికి కట్టాడు? తానీషాకు. ఆ శిస్తు తానీషా చెమటలోంచి వచ్చిందా? పాల్వంచ పరగణా రైతులు కట్టింది. రాజు కాపలాదారే, యజమాని కాదు అన్నది నిజమైతే చీటీ కాపలాదారు పేర రాసి ఊరుకోవడం సగం పనే. రైతులకు ఆ మొహరీల్లోంచి చెరువు తవ్వించారా, శిస్తు తగ్గించారా, కథ చెప్పదు. గోపన్న విడుదలయ్యాడు, తానీషా కండ్లు తెరిచాడు, రైతులు కథలోకి రానే లేదు. పన్నెండేండ్ల బందీఖానా మీద ఇన్ని పాటలున్నాయి, ఆ శిస్తు కట్టిన ఏ ఒక్క సంవత్సరం మీదా పాట లేదు.

ఇది మూడు వందల ఏండ్ల నాటి మాట అనుకునేరు. అదే పాల్వంచ పట్టణంలో, మొన్న 2025లో కొత్తగూడెంతో కలిపి కార్పొరేషన్ చేసేదాకా, దశాబ్దాల పాటు మున్సిపల్ ఎన్నికలే జరగలేదు. మా పక్కనున్న మందమర్రి కూడా దశాబ్దాలుగా అట్లాగే ఉండిపోయింది. కారణం రాజ్యాంగంలో ఉంది. మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు, పార్లమెంటు వేరే చట్టం చేయాలి. పంచాయతీల కోసం 1996లో పెసా చేశారు. పట్టణాల కోసం 2001లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఆ రక్షణ ఎందుకు పెట్టారో మర్చిపోకూడదు. ఆ నేల మాకన్నా ముందు గోండులది, కోలాములది, నాయకపోడులది. మందమర్రి పక్కన గాంధారి ఖిల్లాలో నాయకపోడులు ఇప్పటికీ మైసమ్మ జాతర చేస్తారు. భూమి చేతులు మారకుండా 1970 రెగ్యులేషన్ కాపలా పెట్టారు. కాపలా పెట్టింది ఆదివాసుల కోసం, ఓటు లేకుండా పోయింది అందరికీ, ఆదివాసులతో సహా. పన్ను కట్టారు, ఇంటి నంబర్లు పడ్డాయి, అధికారులు బడ్జెట్లు వేశారు. అడిగే మనిషిని ఎన్నుకునే వీలు మాత్రం లేదు. మా బెల్లంపల్లిలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిసి ఊరు ప్రత్యేకాధికారి చేతికి పోయినప్పుడు, మందమర్రి చుట్టం ఒకాయన "మా దిక్కు అదే కాలం, మీరు ఇప్పుడొచ్చిన్రు" అన్నాడు.

బొగ్గు అప్పు ఇంకొకటి. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుల గని వాళ్లు రాయల్టీ మీద ఇంకొక 30 శాతం గని తగిలిన ఊళ్ల కోసం కట్టాలి. తాగునీళ్లు, వైద్యం, చదువు, పారిశుద్ధ్యం లాంటివాటికి దాంట్లో పెద్ద భాగం పోవాలి. చట్టం మంచిదే. మంచి సంగతేమిటంటే ఇందులో ఎవరూ దాత కాదు, నష్టం జరిగింది కాబట్టి కడుతున్నారు, రాముడు కట్టినట్టు. కాని నిధిలో సొమ్ము పడేది ఇవాళ తవ్వే బొగ్గు మీద. మా పాత బాయిలు చాలావరకు మూతపడ్డాయి. గని నడుస్తున్న ఊరికి వచ్చే దుమ్మూ పగులూ అందరికీ కనబడతాయి. తవ్వి వదిలేసిన ఊరికి మిగిలేది ఊపిరితిత్తుల్లో పేరుకున్నదీ, కొడుకులు పని వెతుక్కుంటూ పోయిన తాళాల ఇండ్లూ. పదిమంది అప్పు ఉన్నచోట ఎవరికి ముందు కట్టాలన్న ప్రశ్నకు మన స్మృతులు పేజీల కొద్దీ రాశాయి. తీసుకున్న వరసలోనే తీర్చాలి, పాత అప్పు ముందు అనేది వాటిల్లో మామూలు సూత్రం. ఆ సూత్రంతో చూస్తే మా నాయన తరం వరసలో ముందుండాలి. వాళ్లకన్నా ముందు గాంధారి ఖిల్లా వాళ్లుండాలి.

అడగడం ఎట్లాగో మనకు రాదని కాదు. వినాయక నిమజ్జనం అయిపోయిన మర్నాడు మా వాడ మంటపం కమిటీ జమాఖర్చుల కాగితం కరెంటు స్తంభానికి అంటిస్తుంది. లడ్డూ వేలం ఎంత, డప్పులకెంత, ట్రాక్టరుకెంత, మిగులు ఎంత. రెండు వందలు తేడా వస్తే రాత్రి పదింటి దాకా గొడవ. దేవుడి లెక్క ఇంత గట్టిగా అడిగేవాళ్లు మోరి లెక్క ఎందుకు అడగరు? చందా ఇచ్చినప్పుడు జేబులోంచి నోటు తీసిన సంగతి చేతికి గుర్తుంటుంది. సబ్బు కొంటే జీఎస్టీ పోయింది, బండిలో పెట్రోలు పోయిస్తే ఇంకొక పన్ను పోయింది, ఇంటిపన్ను కిరాయిలో కలిసిపోయింది. ఇచ్చామన్న ఎరుక లేదు కాబట్టి వచ్చిందాన్ని దయ అనుకుంటాం. ఊరుమ్మడి బర్రె పుచ్చి చచ్చిందంటారు, మా ఊరుమ్మడి బర్రె మనదన్న సంగతే మనకు తెలియదు. పల్లెల్లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, ఊరి ముందర లెక్కలు చదివి వినిపించే పద్ధతి మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2006 నుంచి గట్టిగా సాగింది. ఊరి మధ్యలో షామియానా వేసి, ఎవరి పేర ఎన్ని రోజుల కూలి పడిందో చదువుతుంటే, ఆ రోజుల్లో నేను మా చెల్లె ఇంటికే పోయిన అని లేచి చెప్పే ఆడవాళ్లను చూశాను. పట్టణాలకు అట్లాంటిది రాలేదు.

మా జాగ సంగతి చివరికి ఇట్లా తేలింది. ప్రహరీ ఉపాయం నేను ఒప్పుకోలేదు. పోచమ్మకు గుడి కట్టిన పుణ్యం కంటె మున్సిపాలిటీ కాగితంలో అబద్ధం రాయించిన పాపమే మనకు ఎక్కువ తగులుతుందన్నాను, కొంచెం పంతులు గొంతుతోనే. రాళ్లు వేపచెట్టు కింద ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉండాలి, స్లాబు వద్దు, చుట్టూ ఒక అరుగు కావాలంటే చందాలు వేసుకోవాలి, తక్కిన జాగ పచ్చగానే ఉండాలి. పిల్లలు మొహం మాడ్చుకున్నా వినాయకుడి కాగితం పద్ధతిలో చందా రాశారు. అవ్వ నూటపదహార్లు ఇచ్చింది. అరుగు అయ్యాక లెక్క వేపచెట్టుకు అంటిస్తే నా మనవరాలితో మొదటి నుంచి చివరిదాకా చదివించుకుంది. ఇసుక ట్రాలీ ధర దగ్గర ఆపి రెండోసారి చదివించింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, మోరి మీద ఇదివరకు పెట్టిన ఖర్చు ఎక్కడ అంటించారని అడిగింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ఇస్తారు, పది రూపాయలు కట్టాలి అన్నాను.

"నా పైసల లెక్క నేను అడగాలంటే మల్ల నేనే పైసలు గట్టాల్నా?"

"తెల్లకార్డుంది గద అవ్వా, నువ్వు కట్టక్కర్లేదు."

కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. తెల్లకాగితం తీసి రాశాను. మా వీధి మోరికి ఎప్పుడు ఎంత మంజూరైంది, ఏ పద్దు కింద, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా కట్టారు, బిల్లు ఎంత అయింది. చదివి వినిపించాను. తలూపింది, వేలిముద్ర వేయబోయి ఆగింది.

"సారూ, ఇంకోటి గూడ రాయి. ఆ మోరి కాడ రాయి పాతి పేర్లు రాసిన్రు గద. ఆ రాయికెంతయిందో అది గూడ అడుగు."